వేడి దాటే చోటు

మే నెల, మిట్టమధ్యాహ్నం. బిలాస్‌పూర్ యార్డు దాటాక మెయిన్ లైన్ పక్కన పట్టాలను చూసుకునే కీమన్ ఒకాయన పట్టా దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. తలకు తడి తుండు, చేతిలో గుండ్రటి డయల్ థర్మామీటర్. దాని వెనక అయస్కాంతం ఉంటుంది. దాన్ని ఆయన పట్టా నెత్తిన పెట్టలేదు. ఎండ పడని వైపు, వెబ్ అని పిలిచే నడుం భాగానికి అంటించాడు. అంటించే ముందు ఆ చోటున్న దుమ్మూ తుప్పూ గోనెగుడ్డతో గట్టిగా తుడిచాడు. తర్వాత వాచీ చూసుకుంటూ ఆగాడు. ఏమైంది మావయ్యా, ముల్లు కదులుతోందిగా అంటే, "ఇప్పుడే సూస్తే అబద్ధం సెప్తాది బాబూ, ఎనిమిది నిమిషాలాగాల" అన్నాడు. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో గ్యాంగు పనికి వచ్చిన కుటుంబం వాళ్లది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో అలాంటి తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. బయట హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడినా ఇంట్లో మాత్రం ఈ యాస చెక్కుచెదరలేదు.

ఆ ఎనిమిది నిమిషాలూ ఎందుకు పడతాయి? ఆ చోటు తుడవకపోతే ఏమవుతుంది? ఉష్ణవహనం గురించి గత రెండున్నర శతాబ్దాల్లో జరిగిన పనినంతా ఒకచోట చేర్చి చూస్తే ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగినట్టు నాకు కనిపిస్తుంది. వస్తువు లోపల వేడి ఎలా నడుస్తుందన్నది మొదటిది. ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువులోకి ఎలా దాటుతుందన్నది రెండోది. బడి పుస్తకాలు మొదటిదాన్నే చెప్పి ఊరుకుంటాయి. ఇనుము ఉత్తమ వాహకం, చెక్క అధమ వాహకం అని రాసి, కిందొక బొమ్మ వేస్తాయి. రైల్వే ఊళ్లో పెరిగినవాడికి మాత్రం రోజూ ఎదురయ్యేది రెండోదే. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది.

పుస్తకంలోని ఆ బొమ్మకు మూలం 1780లనాటిది. డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌజ్, బెంజమిన్ ఫ్రాంక్లిన్ సూచన మీద, రకరకాల లోహపు కడ్డీలకు మైనం పూసి ఒక కొసను వేడిలో ముంచి, మైనం ఎంత దూరం కరుగుతుందో చూశాడు. మన బళ్లలో మైనంతో గుండుసూదులు అంటించి, ఏది ముందు రాలితే అది మంచి వాహకమని చెబుతారు. ఇందులో ఒక పొరపాటు ఉంది, దాన్ని తరతరాలుగా అలాగే నేర్పుతున్నాం. సూది ఎంత త్వరగా రాలుతుందన్నది వాహకత ఒక్కదాని మీదే ఆధారపడదు. ఆ లోహం తాను వేడెక్కడానికి ఎంత వేడిని మింగుతుందన్నది కూడా కలవాలి. సీసం వాహకత మీటరుకు డిగ్రీకి 35 వాట్లు, మామూలు స్టీలుది దాదాపు 50. అయినా సూది ముందు రాలేది సీసపు కడ్డీ మీదనే, ఎందుకంటే సీసం తక్కువ వేడితోనే వేడెక్కిపోతుంది. వాహకతలను పోల్చాలంటే వేడి నిలకడకు వచ్చేదాకా ఆగాలి. కీమన్ మావయ్య చెప్పిందీ అదే.

దీన్నంతా లెక్కలోకి తెచ్చినవాడు జోసెఫ్ ఫోరియర్. నెపోలియన్ వెంట ఈజిప్టు వెళ్లి వచ్చి, గ్రెనోబుల్‌లో జిల్లా అధికారిగా రోడ్లూ, చిత్తడినేలలూ చూసుకుంటూనే ఈ పని చేశాడు. 1807లో ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ ముందు పెట్టిన వ్యాసానికి లగ్రాంజ్ వంటి పెద్దలే అడ్డు చెప్పారు. పుస్తకం 1822లో వచ్చింది. అందులోని సూత్రం నోటితో చెప్పేంత సులువు: రెండు వైపులా ఉష్ణోగ్రతల తేడా పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, దళసరి పెరిగితే తగ్గుతుంది, వెడల్పు పెరిగితే పెరుగుతుంది, మిగిలినదంతా ఆ పదార్థపు వాహకత. వేడి అంటే ఏమిటో ఆయన తేల్చలేదు. అప్పటికి అదొక కనపడని ద్రవం అనేవాళ్లు ఎక్కువ. 1798లో రమ్‌ఫోర్డ్ మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలు తొలుస్తూ, రాపిడికి వేడి తరగకుండా పుడుతోందంటే అది చలనమే అయ్యుండాలని వాదించాడు. ఫోరియర్ లెక్క ఎవరి మాట నిజమైనా చెల్లుతుంది, అందుకే ఇవాళ్టికీ నిలిచింది.

తర్వాతి వందేళ్లూ ఆ వాహకత ఎక్కడి నుంచి వస్తుందన్న వెతుకులాట. 1853లో వీడెమాన్, ఫ్రాంజ్ ఒక సంగతి పట్టుకున్నారు: కరెంటును బాగా పారించే లోహమే వేడినీ బాగా పారిస్తుంది, రెంటి నిష్పత్తి దాదాపు ఒక్కటే. అంటే లోహాల్లో రెంటినీ మోసేది ఒకే కూలీ అన్నమాట. ఆ కూలీ ఎలక్ట్రాన్ అని 1900లో డ్రూడే లెక్క కట్టాడు. కానీ వజ్రంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు లేవు, దాని వాహకత మాత్రం రాగికి నాలుగైదు రెట్లు. అక్కడ మోసేవి పరమాణువుల కంపనాలే. 1929లో పయర్ల్స్ వాటి లెక్క తేల్చాడు. మన దేశంలో, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ తొలి డైరెక్టర్ కె.ఎస్. కృష్ణన్ 1950లలో, శూన్యంలో కరెంటుతో కాల్చిన సన్నని కడ్డీల పొడవునా ఉష్ణోగ్రత ఎలా పరుచుకుంటుందో వరుసగా పరిశోధించారు. ఇంతకంటే ఇక్కడ అక్కర్లేదు. ఇంట్లో గుర్తుంచుకోవలసింది ఒకటుంది. పరాయి పరమాణువులు కలిసేకొద్దీ ఆ మోత చెదిరిపోతుంది. రాగి 400, అల్యూమినియం 237, స్వచ్ఛమైన ఇనుము 80, మామూలు స్టీలు 50, మన వంటింటి స్టెయిన్‌లెస్ స్టీలు 15. స్టీలు గిన్నెలో పాలు మంట తగిలిన చోటే అడుగంటడానికీ, అడుగున రాగిపూత ఉన్న గిన్నెకు గిరాకీ రావడానికీ ఈ అంకెలే కారణం.

ఇప్పుడు చెయ్యి సంగతి. ఎండలో ఒకే ఉష్ణోగ్రతలో ఉన్న పట్టానూ, పాత చెక్క స్లీపరునూ తాకితే పట్టా చురుక్కుమంటుంది, చెక్క ఓర్చుకోగలిగేలా ఉంటుంది. వేసవిలో గాలి 45 దగ్గర ఉంటే పట్టా 60 దాటడం మామూలే. 34 డిగ్రీల అరచేయి 60 డిగ్రీల వస్తువును తాకిన తొలి క్షణాల్లో, అవి కలిసిన చోట ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో లెక్క వేయవచ్చు. చెక్క అయితే 40 దరిదాపుల్లో, కాంక్రీటు స్లీపరు అయితే 50 దగ్గర, పట్టా అయితే 58. మూడూ 60లోనే ఉన్నాయి, చర్మం చవిచూసింది మాత్రం మూడు వేర్వేరు వేడులు. చెక్క తన పైపొరలోని వేడిని ఇచ్చేశాక లోపలి నుంచి తెచ్చుకోలేదు. పట్టా వెంటవెంటనే తెచ్చి ఇస్తూనే ఉంటుంది. మన చెయ్యి కొలిచేది వేడి వచ్చిపడే వేగాన్ని. అందుకే చెయ్యి థర్మామీటర్ కాలేదు.

అయినా రైల్వేలో చెయ్యి చాలాకాలం థర్మామీటర్ పని చేసింది. బండి వచ్చి ఆగగానే బండిని తనిఖీ చేసే టీఎక్స్ఆర్ సిబ్బంది ఒక్కో యాక్సిల్ బాక్సు మీద చేతి వెనక భాగం ఆనిస్తూ నడిచేవాళ్లు. బేరింగులో నూనె ఎండినా అరిగినా రాపిడి వేడి పుట్టి, యాక్సిల్ గుండా పాకి పెట్టె పైకి వస్తుంది. దాన్నే హాట్ యాక్సిల్ అంటారు, వదిలేస్తే యాక్సిల్ తెగి బండి పట్టాలు తప్పే ప్రమాదం. అన్ని పెట్టెలూ ఒకే లోహం కాబట్టి చెయ్యి వాటిని పోల్చి చూడగలిగేది. ఇప్పుడు చేతికి బదులు దూరం నుంచి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ యంత్రాలు వచ్చాయి.

పట్టా ఉష్ణోగ్రతకు ఇంత పట్టింపు ఎందుకంటే, పొడవుగా అతికిన పట్టాకు వ్యాకోచించడానికి చోటు లేదు. స్టీలు డిగ్రీకి పది లక్షల్లో 11.5 వంతులు సాగుతుంది. అంటే ఒక కిలోమీటరు పట్టాను వదిలేస్తే 40 డిగ్రీల పెరుగుదలకు 46 సెంటీమీటర్లు పొడవు కావాలి. క్లిప్పులూ స్లీపర్లూ కంకరా పట్టుకుని ఉంచుతాయి గనక సాగలేక లోపల ఒత్తిడి పేరుకుంటుంది. హద్దు మీరితే లైను పక్కకు వంకర పోతుంది. అందుకే పట్టాను ఒత్తిడి లేకుండా బిగించిన ఉష్ణోగ్రత రికార్డులో ఉంటుంది. దానికి 20 డిగ్రీలు మించి పోతే హాట్ వెదర్ పెట్రోలింగ్ మొదలు కావాలి, మండుటెండలో మనుషులు లైను వెంట నడవాలి. ఆ నడక మొదలవ్వాలా వద్దా అన్నది ఆ డయల్ చెప్పే అంకె మీద ఆధారపడి ఉంటుంది.

ఆ అంకె నిజం కావాలంటే థర్మామీటరుకూ పట్టాకూ మధ్య ఒత్తు సరిగ్గా కుదరాలి. రెండు లోహాలు ఒకదానికొకటి అంటుకున్నాయని మనం అనుకుంటాం. దగ్గరి నుంచి చూస్తే అవి రెండు కొండలవరసలు బోర్లించినట్టు, అక్కడక్కడా శిఖరాల కొనల దగ్గర మాత్రమే తాకుతాయి. బౌడెన్, టేబర్ అనే ఇద్దరు కేంబ్రిడ్జిలో ఈ సంగతి రాపిడి మీద పని చేస్తూ తేల్చారు. మిగిలిన సందుల్లో ఉండేది గాలి. కదలని గాలి వాహకత 0.026. అంటే ఒక మిల్లీమీటరు గాలి పొర అడ్డగించినంతగా అడ్డగించాలంటే దాదాపు 1.9 మీటర్ల మందం స్టీలు కావాలి! దుమ్మూ తుప్పూ పెచ్చులూ ఉంటే ఆ సందు ఇంకా పెరుగుతుంది. మావయ్య గోనెగుడ్డతో తుడిచింది ఈ అడ్డునే.

రైల్వే పాత థర్మామీటరు ఒకటి ఈ చిక్కును ఇంకో దారిలో విప్పింది. పట్టా తల ముక్క ఒకటి కోసి, అందులో తొర్ర చేసి, మామూలు గాజు థర్మామీటర్ దించి, తొర్రను పాదరసంతో నింపి మూసేస్తారు. ఆ ముక్కను లైను పక్కన అదే ఎండలో ఉంచుతారు. పాదరసం ద్రవం కాబట్టి గాజు చుట్టూ ఎక్కడా సందు వదలదు, లోహం కాబట్టి వేడిని బాగానే చేరవేస్తుంది. ఇది నిలకడకు రావడానికి 25 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎండలో కాస్త ఓపిక పడితే ఎంతో నిజాయితీ గల అంకె ఇస్తుంది. ఇంత పొందికైన పరికరాన్ని నేను భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లోనూ ఎక్కువ చూడలేదు.

ఆ పాదరసం చేసిన పనినే ఇవాళ విద్యుత్ ఇంజన్లలో తెల్లటి గ్రీజు చేస్తోంది. బిలాస్‌పూర్ ఎలక్ట్రిక్ లోకో షెడ్డు లాంటి చోట్ల వ్యాగ్-9 ఇంజన్లు చూస్తారు. వాటి కన్వర్టర్లలో కరెంటును స్విచ్చి చేసే ఐజీబీటీ మాడ్యూలును లోహపు పలక మీద బిగించేటప్పుడు మధ్యలో సన్నగా థర్మల్ గ్రీజు రాస్తారు. గ్రీజు లోహమంత మంచి వాహకమేమీ కాదు, కానీ అది నింపే సందులోని గాలి కంటే ఎన్నో రెట్లు నయం. అందుకే పలచగా రాయాలి, మందంగా రాస్తే అదే అడ్డమవుతుంది. ఒత్తుకూ, గరుకుకూ, వేడి దాటడానికీ ఉన్న సంబంధాన్ని 1969లో కూపర్, మికిచ్, యోవనోవిచ్ ఒక సూత్రంగా కట్టారు, ఇంజనీర్లు ఇప్పటికీ దాన్నే వాడతారు. అసలు సందే లేకుండా పరమాణువుకు పరమాణువు ఆనినా అడ్డు పూర్తిగా పోదని 1941లో కపిట్సా ద్రవ హీలియంతో చూపించాడు. కంపనాలు ఒక పదార్థం నుంచి ఇంకోదానిలోకి పోయేటప్పుడు కొన్ని వెనక్కి తిరుగుతాయి. వేలిగోరంత చిప్పులో కోట్ల ట్రాన్సిస్టర్లు ఇరికించే ఈ కాలంలో పరిశోధకులు బాగా తలపట్టుకుంటున్నది ఈ సరిహద్దుల దగ్గరే.

ఆవిరి ఇంజను రోజుల్లోకి వెళితే ఇది ప్రాణాల మీదికి వచ్చే సంగతి. డబ్ల్యూపీ, డబ్ల్యూజీ ఇంజన్ల బాయిలర్లు చదరపు అంగుళానికి 210 పౌండ్ల ఒత్తిడిలో పనిచేసేవి, అందులో నీరు 200 డిగ్రీల దగ్గర మరిగేది. కింద ఫైర్‌బాక్సులో బొగ్గుమంట వెయ్యి డిగ్రీలు దాటి ఉంటుంది. మధ్యలో ఉన్నది రేకు లాంటి క్రౌన్ షీట్ ఒక్కటే. అది మెత్తబడకుండా నిలిచేది పైన నీళ్లున్నంతసేపే. వేడి రేకు గుండా పైకి పోయి నీటిలో కలిసిపోతుంటుంది కాబట్టి, రేకు నీటి కంటే కొన్ని పదుల డిగ్రీలు మాత్రమే ఎక్కువ వేడెక్కుతుంది. నీళ్లు పోసిన కాగితపు గ్లాసును మంట మీద పెడితే కాగితం కాలకపోవడం కూడా ఇందుకే. నీటిమట్టం క్రౌన్ షీట్ కంటే కిందికి దిగిందా, ఆ ఆసరా పోతుంది. అందుకే ఆ రేకులో సీసం పోసిన ప్లగ్గులు బిగించేవారు. సీసం 327 డిగ్రీలకు కరిగి ఆవిరి మంట మీదికి చిమ్ముతుంది. లెడ్ ప్లగ్ కరిగిందంటే డ్రైవరుకీ ఫైర్‌మన్‌కీ విచారణ తప్పేది కాదు. కానీ ఆ చిన్న సీసపు ముక్క ఎందరి ప్రాణాలు కాపాడిందో ఆ మనుషులకు తెలుసు.

దానికన్నా మెల్లగా చంపేది పెచ్చు. ఉప్పునీళ్లు మరిగి మరిగి రేకు లోపలి వైపు సున్నపు పొర కడుతుంది. దాని రకాన్ని బట్టి మిల్లీమీటరు పెచ్చు రెండు మూడు సెంటీమీటర్ల స్టీలంత అడ్డు వేస్తుంది. బొగ్గు ఎక్కువ తగలడుతుంది, రేకు ఎక్కువ కాలుతుంది. ఖలాసీలు గంటల తరబడి బాయిలరు కడిగే వాషౌట్ పని ఇందుకోసమే. నిజానికి వాళ్లు కడిగింది ఉష్ణవహనానికి అడ్డుపడ్డ గోడను. బిలాస్‌పూర్ దగ్గర సిపత్‌లోని 2980 మెగావాట్ల విద్యుత్ కేంద్రంలో ఇవాళ నీటిని అంత శుద్ధి చేసి బాయిలరు గొట్టాల్లోకి పంపడం వెనక ఉన్నదీ ఈ భయమే.

వేడిని పీల్చేయడమే ప్రాణాలు కాపాడే ఇంకో చోటు బొగ్గుగని. కోర్బా, చిరిమిరి వైపు నుంచి బొగ్గు బండ్లు రోజంతా బిలాస్‌పూర్ మీదుగా పోతుంటాయి. సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయమూ ఈ ఊళ్లోనే. ఆ గనుల్లో, మన సింగరేణిలో కూడా, సిర్దార్లు గ్యాసు చూడటానికి తీసుకెళ్లిన మంటదీపం 1815లో హంఫ్రీ డేవీ చేసినదాని నుంచి వచ్చినదే. మంట చుట్టూ సన్నని తీగల జల్లెడ, అంగుళానికి 28 తీగలు. గ్యాసు లోపలికి వచ్చి మండుతుంది, కానీ మంట జల్లెడ దాటి బయటికి రాలేదు. తీగలు ఆ మంట వేడిని తమ పొడవునా లాగేసుకుని చల్లారుస్తాయి. జల్లెడలో ఒక్క తీగ తెగినా ఆ దీపాన్ని కిందికి తీసుకెళ్లనివ్వరు.

పట్టాలు అతికే థర్మిట్ పని దీనికి తిరుగుడు. అల్యూమినియం పొడినీ ఇనుప ఆక్సైడునూ రగిలిస్తే 2500 డిగ్రీల దగ్గర కరిగిన స్టీలు పుడుతుంది. 1890లలో జర్మనీలో హాన్స్ గోల్డ్‌ష్మిట్ కనిపెట్టిన పద్ధతి. దాన్ని చల్లటి పట్టా కొసల మధ్య తిన్నగా పోస్తే పట్టాలు ఆ వేడిని రెండు వైపులా లాగేసుకుంటాయి, అతుకు హఠాత్తుగా గడ్డకట్టి పెళుసవుతుంది. అందుకే ముందు బర్నరుతో కొసలను 600 డిగ్రీల దాకా కాల్చాలి. తొందరపడి ఈ కాల్చడం తగ్గిస్తే ఆ అతుకు చలికాలంలో తెగుతుంది.

ఇక ఇల్లు. పాత రైల్వే బంగ్లాల గోడలు పద్నాలుగు అంగుళాలు, అంతకంటే ఎక్కువ కూడా. తర్వాతి క్వార్టర్ల గోడలు తొమ్మిది, లోపలి అడ్డుగోడలు నాలుగున్నర. ఇటుక గోడలో పగటి వేడి అల ఎంత వేగంగా పాకుతుందో ఫోరియర్ లెక్కే చెబుతుంది. పద్నాలుగు అంగుళాల గోడలో మధ్యాహ్నం రెండింటి వేడి లోపలి ముఖానికి చేరడానికి సుమారు పదకొండున్నర గంటలు పడుతుంది, అదీ ఇరవయ్యో వంతుకు తగ్గి. తొమ్మిది అంగుళాలైతే ఏడున్నర గంటలు, ఏడో వంతు. అయిదు అంగుళాల కాంక్రీటు స్లాబు అయితే సాయంత్రం దీపాలు పెట్టేవేళకే వేడి కిందికి దిగుతుంది. రైల్వే కాలనీ పిల్లలు నులకమంచాలు ఆరుబయట వేసుకుని పడుకోవడం సరదా కోసమే కాదు.

ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఖపరైల్ పెంకులు, మన వైపు నాటు పెంకుల్లాగే, ఒకదాని మీద ఒకటి వరసలు వరసలుగా పరుస్తారు. వాటి మధ్య నిలిచే గాలే సగం పని చేస్తుంది. ఇప్పుడు కోతుల గొడవ పడలేక, ఏటా పెంకులు సర్దే మనిషి దొరక్క జనం రేకులు వేసుకుంటున్నారు. అది వాళ్ల తప్పు కాదు. కానీ మిల్లీమీటరులో సగం కూడా లేని రేకు వహనానికి అడ్డే కాదు. దాని కింద ఒక అట్టో, వెదురు తడికో, ఊక నింపిన గోనెసంచులో వేసి, మధ్యలో బెత్తెడు గాలి వదిలితే ఆ గదిలో మధ్యాహ్నం మనిషి నిద్రపోగలడు. లైను పక్కన రేకుల గుమ్టీల్లో డ్యూటీ చేసే గేట్‌మెన్‌కు ఈ మాత్రం ఏర్పాటు ఎక్కడైనా తప్పకుండా ఉండాలి. ఐసు అమ్మేవాళ్లు మంచుగడ్డకు ఎప్పటి నుంచో ఊకా గోనెపట్టా చుడుతున్నారు, ఆ మర్యాద మనిషికీ దక్కాలి.

ఇంటి గోడలకు పనికొచ్చిన ఈ ఫోరియర్ లెక్కతోనే లార్డ్ కెల్విన్ 1862లో భూమి వయసు కట్టబోయి, లోపలి వేడి వహనంతోనే పైకి వస్తోందనుకుని, కోట్ల ఏళ్ల దగ్గర ఆగిపోయాడు. లోపల వేడి ఇంకా బాగా పారుతుంటే ఆ వయసు ఎన్నో రెట్లు పెరుగుతుందని ఒకప్పుడు ఆయన దగ్గర పనిచేసిన జాన్ పెర్రీయే 1895లో చెప్పాడు. సూత్రం సరైనదే, లోపల ఏముందన్న ఊహ తప్పింది. పట్టా మీద తుప్పును తుడవకుండా డయల్ చదివినవాడి పొరపాటుకీ దీనికీ పెద్ద తేడా లేదు.

జనవరిలో మళ్లీ మావయ్యను చూశాను. తెల్లవారుజామున అర్పా నది మీద మంచు ఇంకా తేలలేదు. పట్టా ఇప్పుడు కుంచించుకోవాలని చూస్తోంది, పాత అతుకులు తెగేది ఈ వేళల్లోనే. బిగించిన ఉష్ణోగ్రతకు 30 డిగ్రీలు దిగువకు పోతే కోల్డ్ వెదర్ పెట్రోలింగ్. ఆయన టార్చి వేసి అతుకు అతుకూ చూసుకుంటూ నడుస్తున్నాడు, చేతులకు ఉన్ని తొడుగులు. ఒకచోట వంగి తొడుగు తీసి పట్టా మీద వేలు పెట్టి, వెంటనే తీసేసి నవ్వాడు. "సలి మనలోకి రాదు బాబూ. మన ఏడే దానిలోకి పోతాది." తొడుగు వేసుకుని ముందుకు నడిచాడు.